ఐపీ నోటీసును బీరువాలో దాచకండి

చీటీలు నడిపే ఆమె రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసిందంటే వీధి వీధంతా ఆ తాళం ముందు చేరుతుంది. కొన్నాళ్లకు ఒక్కో ఇంటికీ రిజిస్టర్డ్ పోస్టులో ఐపీ (దివాలా పిటిషన్) కాగితం వస్తుంది. "ఐపీ పెట్టేసిందంట, ఇంగ మన దుడ్లు పాయె" అనుకుంటూ ఆ కవరును బీరువాలో చీరల కింద తోసేస్తారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చీటీ డబ్బులో, చేబదులో పోగొట్టుకున్నవాళ్ల నష్టం సగం అక్కడే ఖాయమైపోతోంది.

ముందు ఆ కాగితం ఎవరు పంపారో చూడండి. "మా క్లయింటు ఐపీ వేయబోతున్నారు, బాకీ అడగవద్దు" అని వకీలు లెటర్‌హెడ్ మీద వస్తే అది కోర్టు ఉత్తర్వు కాదు, మీ చేతులు కట్టేయలేదు. కోర్టు నోటీసయితే కోర్టు పేరు, సీలు, ఐపీ నంబరు, సంవత్సరం, వాయిదా తేదీ ఉంటాయి. ప్రతివాదుల్లో మీ పేరు వెతకండి. తర్వాత పిటిషన్‌లోని అప్పుల షెడ్యూల్‌లో మీ పేరు ఎదుట వేసిన అంకె చూడండి. ఐదు లక్షల ప్రోనోటు అక్కడ రెండు లక్షలుగా కనిపించవచ్చు. మీరెప్పుడూ వినని అప్పులు బావమరిది పేరునో, తోడల్లుడి పేరునో పెద్ద మొత్తాల్లో రాసి ఉండవచ్చు. రేపు ఆస్తులు అమ్మి పంచేటప్పుడు నిజంగా అప్పిచ్చినవాళ్ల వాటా పలచబడాలనే ఆ రాతలు. వాయిదాకు వెళ్లి అభ్యంతరం చెప్పకపోతే ఆ లెక్కే నిలిచే ప్రమాదం ఉంది.

మామూలు మనిషి దివాలాకు మన జిల్లాల్లో ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేయవచ్చన్న షరతు కూడా ఆనాటిదే. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. అలాంటివాళ్ల కేసులు మామూలుగా నడిచేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో.

అందరూ బోల్తా పడేది ఇక్కడే: పిటిషన్ వేయడం వేరు, కోర్టు దివాలాదారుగా ప్రకటించడం వేరు. ప్రకటన ఉత్తర్వు వచ్చాకే కొత్తగా దావా వేయడానికి కోర్టు అనుమతి కావాలి. పిటిషన్ పెండింగులో ఉన్నంతకాలం మీ దావాకు అడ్డు లేదు, మీ గడువూ ఆగదు. ప్రోనోటుకు మూడేళ్లే ప్రాణం. చట్టం ఆ గడువులోంచి మినహాయించేది ప్రకటన తర్వాతి కాలాన్నే. ఐపీ ఏళ్ల తరబడి వాయిదాలు పడి, చివరికి కొట్టివేస్తే, అప్పటికి మీ నోటు చిత్తు కాగితం. పిటిషన్‌లో అప్పు ఒప్పుకున్నాడు కదా అని కొందరు ధైర్యం చెబుతారు. అది వాదించుకోవలసిన పాయింటు, దాన్ని నమ్ముకుని కూర్చోవడం జూదం. నోటు వెనక చివరి చెల్లు ఏ తేదీన వేశారో ఈ రాత్రే చూసుకోండి.

కేసు ఏ దశలో ఉందో ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనూ యాప్‌లోనూ ఉచితంగా చూడవచ్చు. జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పార్టీ పేరు, సంవత్సరం కొట్టాలి. పేరు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా ప్రయత్నించండి. సుబ్రహ్మణ్యం, చెంగల్రాయులు లాంటి పేర్లను టైపిస్టులు ఇష్టమొచ్చినట్టు రాస్తారు. తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. తిరుపతి కింద దొరకని కేసుల్ని చిత్తూరు కింద, గూడూరు, సూళ్లూరుపేట వైపువైతే నెల్లూరు కింద వెతకాలి. వ్యాపారి చెన్నైలో కాపురముంటే దారి వేరు. అక్కడ 1909 చట్టం, మద్రాసు హైకోర్టు. తెరమీద కనిపించేది కేసు నడక మాత్రమే. షెడ్యూళ్లు పూర్తిగా కావాలంటే కోర్టులో నకలు దరఖాస్తు పెట్టుకోవాలి.

పేరు దొరికింది కదా అని వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి. ఒకే పేరుతో మన దగ్గర ఊరికి పదిమంది. తండ్రి పేరు, ఊరు సరిపోవాలి. "డిస్పోజ్డ్" అని ఉన్నంతమాత్రాన దివాలా తీసినట్టు కాదు, పిటిషన్ కొట్టేసి ఉండవచ్చు. సిబిల్ స్కోరు బాగుందని అప్పివ్వడమూ తప్పే. చేబదుళ్లు, ఇంటి చీటీలు అందులోకి ఎక్కవు.

ఆస్తుల షెడ్యూల్‌లో "ఏమీ లేవు" అని ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయండి. ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలోపు భార్యకో కొడుక్కో గిఫ్టు రాసిన ఇల్లు, ఉత్తుత్తి అమ్మకం చేసిన మామిడి తోట కనిపిస్తే, దివాలా ప్రకటన తర్వాత ఆ బదిలీని రద్దు చేయించే వీలుంది. మూడు నెలలలోపు అప్పిచ్చినవాళ్లలో ఒక్కరికే మేలు చేసేలా కట్టిన బాకీనీ ప్రశ్నించవచ్చు. అది దివాలా ఆస్తుల కోసం కోర్టు పెట్టే రిసీవర్ చేయాల్సిన పని. ఆయన చేయకపోతే కోర్టు అనుమతితో మీరే అడగవచ్చు. ప్రకటన వచ్చాక మీ బాకీని అఫిడవిట్‌తో రుజువు చేసుకోవాలి. రుజువు చేసుకోనివారికి పంపకంలో చోటు లేదు.

అప్పుల్లో మునిగినవాళ్లకూ ఒక మాట. "ఐపీ పెట్టిస్తాం, సిబిల్ కడిగేస్తాం" అనే బ్రోకరుకు మిగిలిన నగ తాకట్టు పెట్టి ఫీజు కట్టకండి. ఐపీ వేస్తే మోసం కేసు ఆగదు. మోసం చేసి తెచ్చిన అప్పు, ప్రభుత్వ బకాయి కోర్టు అప్పుల నుంచి విడుదల ఇచ్చినా మాఫీ కావు. మీకు పూచీ సంతకం పెట్టిన బంధువూ బయటపడడు.

వకీలుకు డబ్బుల్లేవని వాయిదా వదిలేయకండి. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు నోటీసు కవరుతో సహా, ప్రోనోటు అసలు, చీటీ పుస్తకం, ఫోన్‌పే చెల్లింపుల ప్రింట్లు తీసుకెళ్లండి. అసలు నోటు మాత్రం ఎవరి చేతికీ రసీదు లేకుండా ఇవ్వకండి.