రక్తసంబంధం లేకపోతే కన్నీళ్లు రావా?

తెలుగు సినిమా కథా చర్చల్లో ఒక మాట సిద్ధాంతంలా స్థిరపడిపోయింది. ఎమోషన్ పండాలంటే అమ్మ ఉండాలి, చెల్లెలు ఉండాలి, అదీ కాకపోతే ప్రేమ ఉండాలి. ఏ బంధుత్వమూ లేని ఇద్దరు మనుషుల చుట్టూ కథ నడిపితే ప్రేక్షకుడు కనెక్ట్ కాడట. ఒకవేళ నడిపినా, పరాయివాడు ఆఖరికి తప్పిపోయిన తమ్ముడని తేలాలి. ఆడా మగా అయితే వ్యవహారం పెళ్లిపీటల దాకా వెళ్లాలి. ఈ నమ్మకం తప్పు. మన కథల్ని బలహీనపరుస్తున్నదీ ఇదే.

2013 సెప్టెంబరులో వారం తేడాతో రెండు సినిమాలు విడుదలయ్యాయి. 'అత్తారింటికి దారేది'లో డ్రైవరుగా ఇంట్లో చేరిన కుర్రాడు ఆ ఇల్లాలికి స్వయానా మేనల్లుడు. చివర్లో అతను కన్నీళ్లు పెడితే మన కళ్లూ చెమరుస్తాయి. మేనత్త అన్న బంధంలోనే ఆ కన్నీళ్లలో సగం ముందే సిద్ధంగా ఉన్నాయి. అలాంటి కథలు ఉండకూడదని నా వాదన కాదు. అవి మాత్రమే పండుతాయనడం మీదే నా అభ్యంతరం.

రెండో సినిమా, రితేష్ బత్రా తీసిన 'ది లంచ్‌బాక్స్'కి అలాంటి ఆసరా ఏదీ లేదు. ముంబైలో ఇల అనే ఇల్లాలు భర్తకు పంపిన క్యారేజీ దారి తప్పి, రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ సాజన్ ఫెర్నాండెజ్ బల్ల మీదికి చేరుతుంది. మర్నాడు ఆమె గిన్నెలో ఒక చీటీ పెడుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని అతను జవాబు రాస్తాడు. ఇద్దరి పరిచయం మొదలైంది ఇంత పొడి మాటతో! ఆ తర్వాత చనిపోయిన భార్య గురించి అతను, ముఖం తిప్పేసుకున్న భర్త గురించి ఆమె రాసుకుంటారు. కలుద్దామనుకున్న రోజున అతను హోటల్‌కి వెళ్తాడు, దూరం నుంచి ఆమెను చూస్తాడు, పలకరించకుండా తిరిగొస్తాడు. తాను ముసలివాడినైపోయానన్న ఎరుక అతణ్ణి ఆపేసింది. సినిమా అంతటా వాళ్లు ఒక్కసారీ మాట్లాడుకోరు. అయినా ఆ హోటల్లో ఆమె ఎదురుచూపు గుండెను పట్టేస్తుంది. ఆ బాధలో ప్రతి పిసరూ చీటీ చీటీకీ కూడబెట్టినదే.

అదే సినిమాలో షేక్ అనే అనాథ మాటకు ముందు 'మా అమ్మ అనేది' అని తగిలిస్తుంటాడు. అలా అంటే మాటకు బరువొస్తుందని అతని సమాధానం. మన కథకులు చేస్తున్నదీ అచ్చం అదే. సన్నివేశానికి రాని బరువును చుట్టరికం నుంచి అరువు తెచ్చుకుంటున్నారు. కానీ ఆ షేక్ పెళ్లిలో పెళ్లికొడుకు వైపు పెద్దగా నిలబడేది మొన్నటిదాకా అతణ్ణి తప్పించుకు తిరిగిన సాజనే. ఆ నిలబడటం ఏ బంధుత్వమూ అతని మీద మోపిన బాధ్యత కాదు. అందుకే అది కదిలిస్తుంది.

అపరిచితులు అంత త్వరగా మనసు విప్పడం సహజం కాదన్నది మరో విమర్శ. నిజానికి జీవితం దీన్ని రోజూ కొట్టిపారేస్తోంది. దగ్గరివాళ్లకు దాచిపెట్టే మాటలు కొత్తవాడి ముందు బయటపడతాయని జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లోనే గుర్తించాడు. ఇంట్లో చెప్పిన మాటకు పర్యవసానాలుంటాయి. రైల్లో ఎదుటి సీటువాడు మన మాటను మోసుకెళ్లి ఎవరి చెవినా వేయడు. ఆసుపత్రి వరండాల్లో రాత్రంతా కూర్చున్న రోగుల బంధువులను అడగండి, పక్క బెంచీవాళ్లతో ఏం పంచుకున్నారో చెబుతారు.

ఇలాంటి సినిమాలన్నీ మల్టీప్లెక్సుల్లో ఆడేవి, మన బి, సి సెంటర్లకు ఎక్కవంటారు. మరి 2016లో 'ఊపిరి' సంగతేమిటి? మెడ కింద శరీరం కదలని కోటీశ్వరుడు, జైలు నుంచి పెరోల్ మీద వచ్చిన కుర్రాడు. ఆ కోటీశ్వరుడిగా నాగార్జున దాదాపు సినిమా అంతా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. ఆ స్నేహాన్ని తెలుగు ప్రేక్షకులు మనసారా ఆదరించారు. అయినా దానికి మూలం ఫ్రెంచి సినిమా. ఇలాంటి కథను సొంతంగా రాసుకునే ధైర్యం మనకెందుకు లేదన్నదే ప్రశ్న.

ఇది కేవలం కథా నిర్మాణానికి చెందిన తగువు కాదు. అపర్ణా సేన్ 2002లో తీసిన 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్'లో అల్లరిమూకలు బస్సు ఎక్కుతాయి. మడీ ఆచారం పట్టింపున్న తమిళ బ్రాహ్మణ యువతి, పక్క సీటులోని ముస్లిం యువకుణ్ణి తన భర్తగా చెప్పి కాపాడుతుంది. అతని మతం తెలిసి కాసేపటి క్రితమే ఆమె కంగారుపడింది. అతనికి ఆమె ఏమీ కాదు, ఆమెకు అతను ఏమీ కాడు. ఆ సన్నివేశం విలువంతా ఆ 'ఏమీ కాకపోవడం'లోనే ఉంది. అతను ఆమె తమ్ముడని తేలి ఉంటే అది కుటుంబ గాథ అయ్యేది, మానవత్వానికి పరీక్ష అయ్యేది కాదు.

నా కులం, నా ఇల్లు, నా నెత్తురు అన్న గీతలు రోజురోజుకూ ముదురుతున్న కాలంలో, అయినవాళ్ల కోసం మాత్రమే ఏడిపించే సినిమా ఆ గీతల్నే మరింత గట్టిగా దిద్దుతుంది. సొంతవాళ్ల కోసం ఏడవడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. పరాయివాడి బాధ మనదిగా తోచేలా చేయడం కళ పని. ప్రేక్షకుడికి నచ్చదన్న సాకుతో ఆ పని ఎగ్గొట్టడం మన కథకులు ఇకనైనా మానాలి.