ట్రౌటుకి సెలవులు, పులసకి తద్దినం

తీర్థన్ నది పేరు విన్నారా? హిమాచల్‌లో, కులూ జిల్లా కొండల్లో పుట్టి, బండల మీద దూకుతూ పోయి లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. అందులో ట్రౌటు చేపలున్నాయి. మనవి కావు. 1909 ప్రాంతాల తెల్లదొరలు తమ సరదాకోసం కులూ లోయకి తెచ్చినవి.

వీటిని పట్టేది వానపాముతో కాదు. కొక్కేనికి ఈకముక్కా దారమూ చుట్టి పురుగులా తయారుచేస్తారు. దానికి బరువుండదు కనక తాడు బరువుతోనే విసరాలి. మార్చిలో నీళ్లు మంచుముక్క. చేప అడుగునే ఉంటుంది, ఎరా అడుక్కే పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పురుగులు లేస్తే పైకొచ్చి అందుకుంటుంది. వానాకాలం నీరంతా బురద, ఇంట్లో కూచోడమే. సెప్టెంబరు, అక్టోబరుల్లో నది మళ్లీ తేటపడుతుంది. నవంబరు ఒకటి రాగానే గాలం అటకెక్కాల్సిందే. ఫిబ్రవరి ఆఖరుదాకా పట్టకూడదు. ఆ చలికాలంలో ఆడచేప తోకతో గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెడుతుంది.

"చేపకి పురిటి సెలవులా! దొరల చాదస్తం!" అన్నారొక మిత్రులు. నాకు ఒళ్లు మండింది.

ఏమండీ, సముద్రంలో సుఖంగా ఉన్న విలస, వరదకి ఎదురీదుకుంటూ గోదావరిలోకి ఎందుకొస్తుందనుకున్నారు? మీ పులుసులో బెండకాయల పక్కన పడుకోడానికా? అదీ పురిటికే వస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డుపడి 1852 నాటికే పూర్తయింది. మిగిలిన కాస్త దారిలో మనం వలలతో కాచుక్కూచుంటాం. పైగా పుస్తెలమ్మి తినాలని సామెతొకటి!

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉందిగా అంటారు. ఉంది. కాని పులస గోదారెక్కేది జూలై దాటాక. సెలవులయ్యాక వస్తుంది దాని పురుడు!

జాలరి పొట్ట కొట్టమనడం లేదు. సముద్రంలో వేట మానిన రోజులకి భృతి ఇస్తున్నట్టే, నదిలో మానిన రోజులకీ ఇవ్వొచ్చు.

నేనూ పులస తిన్నవాణ్ణే. రుచి సంగతి నాకు చెప్పక్కర్లేదు. అందుకే అడుగుతున్నాను. దొరలు తెచ్చిన చేపకి నాలుగు నెలలిచ్చినవాళ్లం, పుట్టింటికొచ్చిన ఆడపడుచుకి ఒక్క నెల ఇవ్వలేమా?