ఉయ్యాల కోసం అప్పు ఎందుకు?



మన కుటుంబాలలో తొలి కాన్పు సాధారణంగా పుట్టింట జరుగుతుంది. నలభై రోజులు నిండిన తరువాత బిడ్డతోపాటు ఉయ్యాల, పరుపు, దోమతెర, బట్టల బీరువా, ఆటవస్తువులు కూడా అత్తవారింటికి చేరాలన్న ఆచారం అనేక ఊళ్ళలో పాతుకుపోయింది. ఎవరి కోడలు ఏమి తెచ్చిందన్నది చుట్టాల మధ్య లెక్కకు వస్తుంది. కూతురి పెళ్ళికి చేసిన అప్పు తీరకముందే మనుమడి ఉయ్యాల కోసం మళ్ళీ వడ్డీకి చేయి చాచే తండ్రులు మన వీధులలోనే ఉన్నారు. షరీఅత్ ఈ భారాన్ని ఆ వృద్ధునిపై మోపలేదు. బిడ్డ పోషణ, వస్త్రాలు, అఖీఖా ఇవన్నీ బిడ్డ తండ్రి బాధ్యతలు. ఆయన ఆదాయం స్వల్పమైతే ఆ స్వల్పంలోనే ఏర్పాటు జరగాలి. అది సాధ్యమేనా అని అడిగేవారి కోసం ఈ నెల ఈ నాలుగు మాటలు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజియల్లాహు అన్హా) కాపురానికి ఒక దుప్పటి, ఒక నీళ్ళ తిత్తి, సువాసన గడ్డి నింపిన దిండు ఇచ్చారని హదీసులలో ఉన్నది. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) బొమ్మలున్న తెరను ఇంట వ్రేలాడదీసినప్పుడు ఆయన అయిష్టత వ్యక్తం చేశారు. ఆ వస్త్రాన్ని ఆమె పారవేయలేదు. కత్తిరించి దిండుగా మలచుకున్నారు. ప్రవక్తవారు స్వయంగా తమ బట్టలు కుట్టుకునేవారు, చెప్పులు బాగుచేసుకునేవారు. కనుక బిడ్డ కోసం సూది పట్టడం తల్లి ఒక్కతె పని కాదు. తండ్రి కూడా పట్టవచ్చు.

ముందుగా పొత్తిగుడ్డలు. వాడి వాడి మెత్తబడిన నూలు లుంగీ కొత్త గుడ్డకంటే పసిబిడ్డ చర్మానికి హాయి. లుంగీ కుట్టు విప్పితే సుమారు రెండు మీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దానిని 60 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే ఆరు గుడ్డలు వస్తాయి. పసిబిడ్డకు రోజుకు పది పన్నెండు గుడ్డలు మార్చవలసి వస్తుంది. నాలుగు లుంగీల నుండి వచ్చే ఇరవైనాలుగు గుడ్డలు ఉంటే సగం ఉతుకులో ఉన్నా సగం చేతిలో ఉంటాయి. వీటిని మొదట చన్నీళ్ళలో జాడించి, తరువాత వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయాలి. బట్టలు మెత్తబడేందుకు అమ్మే ద్రవాలు వాడరాదు. వాటివల్ల గుడ్డ తడిని పీల్చుకునే గుణం తగ్గుతుంది. ప్రతి లుంగీ నుండి ఇరవై సెంటీమీటర్ల పట్టీ ఒకటి మిగులుతుంది. దానిని దాచి ఉంచండి.

ఆ పట్టీల అవసరం బొంత దగ్గర వస్తుంది. పాత నూలుచీరలు రెండు మూడింటిని ఉతికి, జరీ అంచులు తీసివేసి, మూడడుగుల చదరంగా నాలుగైదు పొరలు పరచండి. వేలెడు ఎడంలో వరుసగా కుట్టుకుంటూ వచ్చి, మిగిలిన పట్టీలతో అంచు కట్టండి. ఇది బిడ్డకు పరుపుగా చాలును. ఒకటి ఉతికినప్పుడు ఒకటి పరిచేందుకు రెండు బొంతలు కుట్టుకోవాలి. తొలి ఏడాది బిడ్డను వెల్లకిల, దిండు లేకుండా చదునైన పక్కపై పడుకోబెట్టడమే క్షేమమని పిల్లల వైద్యులు చెబుతారు. కనుక తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు కుట్టే శ్రమ మానుకోవచ్చు.

దాచిన బట్టలలో కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. పసిబిడ్డ బట్టల విషయంలో ఇది ప్రమాదకరం. వాటిలోని నాఫ్తలీన్ వాసన తగిలితే, పుట్టుకతో ఒక రకమైన ఎంజైమ్ లోపం ఉన్న శిశువులలో ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు తీవ్రమవుతాయి. ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి పెట్టె అడుగున ఉంచితే సరిపోతుంది.

ఇక బిడ్డ మూల అలంకరణ. ప్రాణుల చిత్రాలు లేకుండా గోడ బోసిపోతుందని అనుకోనక్కరలేదు. కృష్ణా జిల్లా పెడనలో నేటికీ అద్దుతున్న బందరు కలంకారీ వస్త్రాలను చూడండి. పూలు, తీగలు, ఆకులతోనే అవి కంటికి ఎంత ఇంపుగా ఉంటాయో! ఇంట్లోని తెల్లని పాత దుపట్టా తీసుకోండి. ముదిరిన బెండకాయను అడ్డంగా కోసి, బట్టలకు వేసే రంగులో అద్ది, గుడ్డపై ఒత్తితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. వరుసలు తీర్చి అద్దితే అందమైన తెర తయారవుతుంది. ఇంట పెద్దపిల్లలుంటే ఈ పని వారికి అప్పగించండి. తమ్ముడి కోసం తామూ ఒకటి చేశామన్న సంతోషం అసూయను దూరం చేస్తుంది. అట్టపెట్టెలకు మైదా జిగురుతో పాత గుడ్డ అంటిస్తే బట్టల అరలు సిద్ధం. జిగురులో మైలుతుత్తం మాత్రం కలపవద్దు. అది విషం, పిల్లలు అన్నీ నోట పెట్టుకుంటారు.

పొదుపుకు ఒక హద్దు కూడా ఉన్నది. తాతల నాటి రంగు వేసిన ఉయ్యాల ఇంట ఉంటే, దాని రంగు పెచ్చులూడుతూ ఉంటే, దానిలో బిడ్డను వేయకండి. గృహాలంకరణ రంగులలో సీసం పదిలక్షల వంతులలో 90 వంతులకు మించరాదన్న నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చినది 2017 నవంబరులో. అంతకు పూర్వపు రంగులలో సీసం అధికంగా ఉండవచ్చు. ఆ పెచ్చులు బిడ్డ నోటికి చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంట్లో గరుకు కాగితంతో గీకినా ఆ దుమ్ము గాలిలో కలుస్తుంది. అట్టి ఉయ్యాలకన్నా నేలపై పరచిన బొంత మేలు. అదే విధంగా తల్లి ఆహారంలోనూ, వైద్యుని వద్దకు వెళ్ళడంలోనూ, టీకాలలోనూ వెనుకాడకూడదు. దుబారా మానడం వేరు, పిసినారితనం వేరు. ఖర్చులో ఈ రెండింటికీ నడుమ నిలవడమే విశ్వాసుల పద్ధతి.

ఒక్క విన్నపం. ఈ పనులన్నీ కోడలు పుట్టింటివారికి కొత్త జాబితా కాకూడదు. ఏడవ నెల రాగానే భర్త తానే అత్తమామలకు కబురు చేయాలి. “బిడ్డకు ఇక్కడ చోటు సిద్ధంగా ఉన్నది. మీరు ఏమీ కొనవద్దు. అమ్మమ్మ కట్టి విడిచిన మెత్తని నూలుచీర ఒకటి ఉంటే బొంతకు ఇవ్వండి, చాలు” అని చెప్పాలి. ఆ మాట తల్లి ద్వారానో భార్య ద్వారానో కాక అల్లుడి నోట రావాలి. అప్పుడే ఆ పెద్దాయన నమ్ముతాడు, అప్పుకోసం వెళ్ళవలసిన గడప ఎక్కకుండా ఆగుతాడు.

అల్లాహ్ మన ఇళ్ళలో బర్కత్ ప్రసాదించుగాక! మన పిల్లల పేరిట ఎవరి గుండెపైనా భారం పడకుండా కాపాడుగాక! ఆమీన్.