ఒక్క బోర్డునైనా దాచుకుందాం

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మొదలయ్యే మాట ఒకటే: ఏవి తీసుకెళ్దాం, ఏవి వదిలేద్దాం? లారీలో చోటు తక్కువ, గడువు ఇంకా తక్కువ. అలాంటి సర్దుడులో తుక్కుకు పోబోయి మిగిలిన వస్తువొకటి మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి మా తెలుగు తరగతికి తెచ్చింది. పెద్ద పుస్తకమంత ఆకుపచ్చ పలక. దానిమీద వరసగా నల్లటి చిప్పులు, ఒక అంచున బంగారు రంగు గీతలు. వాళ్ల తాతయ్య పనిచేసినచోట మూలపడిన మినీకంప్యూటర్‌లోదట. “ఇందులో ప్రాసెసర్ ఏది మేడమ్?” అని అడిగింది. తెలుగు పాఠాలు చెప్పుకునే మాకు వెంటనే జవాబు తెలియలేదు. కంప్యూటర్ మేడమ్‌ను అడిగి, కొంత చదివి తెలుసుకున్నాం.

జవాబేమిటంటే, ఆ నాటి యంత్రాల్లో ప్రాసెసర్ అంటే ఒక చిప్పు కాదు. 1965లో అమెరికాలో వచ్చిన పీడీపీ-8 లో ట్రాన్సిస్టర్లను విడివిడిగా బోర్డులమీద టంకం వేసి, ఆ బోర్డులన్నీ కలిపితేనే ప్రాసెసర్ అయింది. తర్వాత చిప్పులు వచ్చాయి. 74181 అనే చిప్పు ఒకసారికి 4 బిట్లనే కూడగలదు. అలాంటివి నాలుగు పక్కపక్కన పెడితే 16 బిట్ల లెక్క చేయవచ్చు. ఒకట్ల స్థానంలో తొమ్మిది దాటితే 1ని పదుల స్థానానికి పంపుతాం కదా, అలాగే ఒక చిప్పు తన దగ్గర మిగిలినదాన్ని పక్క చిప్పుకు అందిస్తుంది. 1975 నాటి ఎల్‌ఎస్‌ఐ-11 లో ప్రాసెసర్ మొత్తం కొద్దిపాటి చిప్పుల్లోకి కుదించుకుపోయింది. కలిసి పనిచేసే అలాంటి జట్టునే చిప్‌సెట్ అంటారు. ఇవాళ అదంతా ఒకే చిప్పులో ఇమిడి మన ఫోన్లో ఉంది.

ఈ కథలో మన తెలుగునేలకూ చోటుంది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, అంటే టీడీసీ-12, ముంబయి దగ్గరి ట్రాంబేలో రూపొందింది. 1969లో దాన్ని విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. పీడీపీ-8 లాగే అదీ 12 బిట్ల యంత్రం. దాన్ని తయారుచేసి అమ్మింది 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్. ట్రాంబేలో హోమీ భాభాతో పనిచేసి, ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. మన పుదుచ్చేరికే చెందిన యానాం పిల్లలకు ఆ గోదావరి గురించి వేరే చెప్పాలా? అంటే ఆ కంప్యూటర్‌కూ, దాన్ని చేసినవారికీ బదిలీ తప్పలేదు! ఆ తర్వాత 16 బిట్ల టీడీసీ-316, మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 వచ్చాయి. ఓటు యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి ఇదే ఈసీఐఎల్.

ఇంత చరిత్ర ఉన్నా, ఆ నాటి బోర్డును చేత్తో పట్టుకున్న పిల్లలు మనలో ఎందరు? అంచున ఉన్న ఆ కాస్త బంగారు పూత కోసం పాత బోర్డులు తుక్కుకు పోతాయి. “పనిచేయని వస్తువు ఎందుకు, ఫోటో చాలదా?” అని కొందరంటారు. చాలదనే మా అభిప్రాయం. ఫోటోను తిప్పి వెనకవైపు చూడలేం. ఒక రాగి గీత ఏ చిప్పు దగ్గర బయల్దేరి ఎక్కడికి చేరుతుందో వేలితో వెతకలేం. అలా వెతికినప్పుడే కంప్యూటర్ మాయ కాదనీ, మనలాంటి మనుషులు ఆలోచించి ఒక్కొక్కటే పేర్చిన పని అనీ నమ్మకం కుదురుతుంది. “నేనూ చేయగలనా?” అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

కాబట్టి మా మనవి ఇది. బడిలోగానీ ఇంట్లోగానీ పాత కంప్యూటర్లు తీసేసేటప్పుడు, పెద్దల అనుమతితో, ఒక్క బోర్డునైనా ఉంచండి. మిగతాది అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికే పంపండి. పవర్ సప్లైనీ, పాత మానిటర్‌నీ మాత్రం మీరు విప్పకండి. తీగ పీకేసినా లోపల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, బోర్డుకు ఒక చీటీ కట్టండి: ఏ యంత్రంలోది, ఎక్కడిది, ఎవరు వాడారు, ఏ ఏడాది. మన కుటుంబాల్లో తెలిసినవారు ఎప్పుడూ ఒకేచోట ఉండరు. వాళ్లు బదిలీ అయ్యాక చీటీ లేని బోర్డు తుక్కే.

ఆ అమ్మాయి తాతయ్యకు ఫోన్ చేసి చీటీ రాసింది. వాళ్లు దాన్ని ‘కార్డు’ అనేవారట. వానాకాలంలో యంత్రం మొరాయిస్తే కార్డు బయటికి లాగి, ఆ బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టేవారట. తరగతంతా నవ్వింది. మరునాడు ముగ్గురు పిల్లలు ఇంట్లో తాతయ్యలనూ నాన్నలనూ ఏమేమి అడిగారో చెప్పడానికి వచ్చారు. మీరూ అడగండి. ఈసారి సర్దేటప్పుడు పెట్టెలో ఒక మూల ఆ బోర్డుకు చోటివ్వండి.