తీర్పున కొక్కటే గుర్తు

న్యాయస్థానముల తీర్పులు ప్రజల సొత్తు. అయినను వానిని ఉదహరించుటకు మనము చిరకాలము ప్రైవేటు ప్రచురణకర్తల సంపుటములనే యాశ్రయించితిమి. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఆలిండియా రిపోర్టరున 1461వ పుట. సుప్రీంకోర్టు కేసెస్‌న 225వ పుట! రెండు సంపుటములును కొనలేని తాలూకా వకీలునకు, అతనిని నమ్ముకొన్న పేద కక్షిదారునకు నిది సామాన్యమైన చిక్కు కాదు.

2023లో సుప్రీంకోర్టు తన తీర్పులకు సంవత్సరము, న్యాయస్థాన సంకేతము, వరుససంఖ్య గల స్వంతగుర్తు నొసంగి, తీర్పుల నుచితముగా చదువుకొను వీలు గల్పించుట ముదావహము. గుర్తున్నంతనే చాలదు, వాడుక కావలయును. న్యాయవాదులారా! వాదపత్రములందు ఆ గుర్తును, పేరా సంఖ్యను ముందు వ్రాయుడు. ప్రచురణకర్త పుట పిమ్మట రావచ్చును. చట్టము తెలియదనుట సాకు కాదని పౌరుని దండించు రాజ్యము, ఆ చట్టమును జేరు దారిని వెల లేకుండ జూపవలదా?