హంతకుడికి మ్యూజియం... మరి ఆ అయిదుగురికి?

లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు టవర్ ఆఫ్ లండన్ చూడకుండా రారు. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే కేబుల్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. ఆ వీధిలోని ఒక పాత ఇంట్లో 2015 ఆగస్టులో ఒక మ్యూజియం తెరిచారు. దాని పేరు జాక్ ది రిప్పర్ మ్యూజియం. 1888లో వైట్‌చాపెల్ పేటలో వరసగా ఆడవాళ్ల గొంతులు కోసి, ఎవరికీ దొరక్కుండా పోయిన హంతకుడిది ఆ పేరు. టికెట్ కొని లోపలికి వెళితే ఒక చోట హత్యా దృశ్యం, శవం బొమ్మతో సహా! ఇంకో అంతస్తులో హంతకుడు కూర్చునే గది ఇలా ఉండేదేమోనని ఊహించి అమర్చారు. కింద శవాల గది. వచ్చేటప్పుడు జ్ఞాపకంగా తెచ్చుకోవడానికి కప్పులూ, చొక్కాలూ కూడా అమ్ముతారు.

లోకంలో ఇలాంటి వింతలు ఎన్ని లేవు, మనకెందుకులే అనుకోవచ్చు. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఈ ఇంటికి 2014లో అనుమతి అడిగినప్పుడు దరఖాస్తులో రాసింది స్త్రీల చరిత్ర మ్యూజియం పెడతామని! ఈస్ట్ ఎండ్ అనే ఆ ప్రాంతపు ఆడవాళ్లు సాధించినవన్నీ చూపిస్తామన్నారు. ముసుగు తీసేసరికి బోర్డు మీద హంతకుడి పేరుంది. చుట్టుపక్కలవాళ్లు మండిపడ్డారు, వీధిలో నిలబడి నినాదాలు చేశారు. మ్యూజియానికని అనుమతి ఇచ్చాక లోపల ఏం పెట్టాలో చెప్పే అధికారం తమకు లేదని స్థానిక కౌన్సిల్ చేతులెత్తేసింది.

చెప్పదలిస్తే ఆ ప్రాంతపు ఆడవాళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదా? హత్యలు జరిగిన ఆ 1888లోనే, ఆ ఈస్ట్ ఎండ్‌లోనే, జూలై నెలలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు పని మానేసి రోడ్డెక్కారు. చాలీచాలని కూలి, దాంట్లో మళ్లీ జరిమానాలు, దవడ ఎముకల్ని తినేసే తెల్ల భాస్వరం. కొద్ది వారాల్లోనే యాజమాన్యం దిగివచ్చింది. జాక్ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఈ సమ్మె సంగతి ఎంతమందికి తెలుసు?

జాక్ అన్న పేరైనా ఎక్కడిది? ఆ ఏడాది సెప్టెంబరులో ఒక వార్తా సంస్థకు వచ్చిన ఉత్తరంలోది. అది హంతకుడు కాదు, ఎవరో విలేఖరే రాసి ఉంటాడని అప్పటి పోలీసు అధికారులే అనుమానించారు. పత్రికల అమ్మకాలు మాత్రం బాగా పెరిగాయి.

చనిపోయిన అయిదుగురికీ పత్రికలు ఒకే మాట అతికించాయి, వేశ్యలని. హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి 2019లో వాళ్ల జీవితాల మీదే ఒక పుస్తకం రాశారు. అయిదుగురిలో ముగ్గురి విషయంలో ఆ మాటకు నమ్మదగ్గ ఆధారమే లేదంటారు ఆవిడ.

ఎవరు వీళ్లు? మేరీ ఆన్ నికోల్స్ ఒక ప్రింటరు భార్య, అయిదుగురు పిల్లల తల్లి. విడిపోయాక భర్త కొంతకాలం భత్యం ఇచ్చాడు, తర్వాత ఆపేశాడు. రాత్రికింతని మంచం అద్దెకిచ్చే ఇంట్లో 4 పెన్నీలు కట్టలేక బయటికొచ్చింది. తెల్లారేలోపు శవమైంది. యానీ చాప్‌మన్ భర్త గుర్రపుబండి తోలేవాడు. విడిపోయినా వారానికి 10 షిల్లింగులు పంపేవాడు. 1886లో అతను పోయాడు, ఆ డబ్బూ పోయింది. ఆవిడా చివరి రాత్రి మంచం అద్దె లేకే వీధిన పడింది. ఎలిజబెత్ స్ట్రైడ్ స్వీడన్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, భర్తతో కలిసి కాఫీ దుకాణం నడిపిన మనిషి. కేథరిన్ ఎడోస్‌ను తాగి పడిపోయిందని పోలీసులే స్టేషనులో ఉంచి, అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు బయటికి పంపేశారు. గంటలోపే హత్య జరిగిపోయింది. మేరీ జేన్ కెల్లీకి పాతికేళ్లుంటాయేమో. తన గదిలోనే చనిపోయింది. అద్దె బాకీ వసూలుకు వచ్చినవాడు చూసేదాకా ఎవరికీ తెలియదు.

చూశారా, వరసగా చదివితే కత్తికంటే ముందు కనిపించేది ఏమిటో! అద్దె, భత్యం, తలదాచుకునే చోటు. మొగుడి నుంచి విడిపోయిన ఆడదానికి బతుకుతెరువు లేకపోవడం. హంతకుడి పని ఇవన్నీ కలిసి సులువు చేశాయి. వాళ్లలో ఎవరైనా ఒళ్లమ్ముకునే బతికారనే అనుకుందాం. అయితే మాత్రం ప్రాణం విలువ తగ్గుతుందా?

బాధితుల వైపు నుంచే కథ చెబుతున్నామని మ్యూజియంవాళ్లు అన్నారు. సరే, విందాం. మరి అదే 2015 అక్టోబరులో, కేథరిన్ శవం బొమ్మ పక్కన జాక్ వేషగాడితో ఫోటో దిగండని జనాన్ని పిలిచిందెవరు? అది ఏ వైపు నుంచి చెప్పడం?

కథలు రాసేదాన్ని కాబట్టి నాకొకటి తెలుసు. ముఖం లేని హంతకుడు మంచి సరుకు. ఎవరై ఉంటాడా అన్న ప్రశ్న ఎన్ని పేజీలైనా లాగుతుంది. ఏదో శాలువా మీద మరకలతో వాడెవడో తేలిపోయిందని 2014లో ఒక పుస్తకం, 2019లో ఒక పరిశోధనా వ్యాసం వచ్చాయి. శాస్త్రజ్ఞులు అభ్యంతరాలు చెప్పారు. మళ్లీ వెతుకులాటే. ఆ శాలువా కేథరిన్‌దే అన్నారు కానీ, ఆవిడ ఎలా బతికిందని అడిగినవాళ్లు ఎందరు?

మంచి కబురు కూడా ఉంది. ఆ మ్యూజియం తెరిచిన ఏడాదే, దానికి జవాబుగా ఇద్దరు మహిళలు ఈస్ట్ ఎండ్ స్త్రీల చరిత్ర కోసం నడుం కట్టి, వేరే మ్యూజియం ఆలోచనతో ప్రదర్శనలు ఏర్పాటు చేశారు.

అంత దూరం వెళ్లేవాళ్లు ఏం చూడాలో నేను చెప్పను. కానీ ఇంట్లో కూర్చుని పేపరు తిరగేసే మనం ఒకటి చేయగలం. ఎక్కడైనా ఒక స్త్రీ హత్యకు గురైందని చదవగానే, “ఆ టైములో అక్కడ ఆవిడకేం పని?” అనే మాట మన నోట్లోంచి కూడా వస్తూనే ఉంటుంది. 1888లో వైట్‌చాపెల్ జనమూ అదే అన్నారు. ఆ మాటను అక్కడే ఆపి, ఆ రాత్రి ఆవిడకి వెళ్లడానికి ఇంకో చోటు ఉందా అని అడిగి చూద్దాం.