మండిబజార్ల తిన్నోళ్లకే ఓరుగల్లు ఎరుక

వరంగల్‌కు పరీక్ష రాయడానికో, చుట్టాల పెళ్లికో, వేయిస్తంభాల గుడి చూడటానికో వచ్చేవాళ్లు మనల్ని ఒక మాట అడుగుతుంటారు. ఏ వాడల దిగితే మంచిగుంటది, ఏడ తింటే మీ ఊరు తెలుస్తది అని. చిన్న ప్రశ్నే. కానీ జవాబు దగ్గర మనోళ్లు తడబడతారు. నక్కలగుట్ట, సుబేదారి, హంటర్ రోడ్డు వైపు ఉన్న అద్దాల రెస్టారెంట్ల పేర్లు గడగడా చెప్తారు. వరంగల్ చౌరస్తా పేరు, మండిబజార్ పేరు మాత్రం నోట్లోంచి రావు. ఆడ ఇరుకు, దుమ్ము, ఆటోల లొల్లి అంటారు. అతిథిని అటు పంపడానికి మొహమాటం. ఈ మొహమాటం ఎక్కడిది?

ఉమ్మడి రాష్ట్రంలో మన తిండికి బోర్డు లేదు. ఓరుగల్లు నడిబొడ్డున కూడా హోటళ్ల ముందు ‘ఆంధ్రా మీల్స్’ అనే రాసి ఉండేది. సర్వపిండి ఇంట్లో తినేది, సకినాలు సంక్రాంతికి బిడ్డ అత్తగారింటికి పంపేది, జొన్నరొట్టె లేనోళ్లు తినేది. పైసలు పెట్టి కొనుక్కుని నలుగురిలో తినే మర్యాద వీటికి లేకుండా చేశారు. భాషను ఎట్ల ఎక్కిరించిండ్రో తిండిని అట్లనే ఎక్కిరించిండ్రు. యాసను తక్కువ చేస్తే ఊరుకోని కాళోజీ తిరిగిన ఊరిలోనే ఇదంతా జరిగింది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బోర్డులు కొన్ని మారాయి. పెద్ద హోటళ్లు కూడా ‘తెలంగాణ రుచులు’ అని రాసుకుంటున్నాయి. మంచిదే, కాదనం. కానీ అక్కడ సర్వపిండి నాలుగు ముక్కలై, చిన్న పళ్లెంలో స్టార్టర్ పేరుతో వస్తున్నది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిగడ్డ, కారం కలిపి, సర్వ లోపలి గోడకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి కాలుస్తారు. సర్వలో కాలుతుంది కాబట్టే సర్వపిండి. కొన్ని దిక్కుల తపాలచెక్క అంటారు, గిన్నప్ప అంటారు. ఒకటి తింటే పొద్దూకిందాక ఆకలి కాదు. దాన్ని ఆకలి పుట్టించే ముక్క చేసినోని తెలివికి దండం!

ఒక వాడను ఎంచుకునేందుకు మా లెక్క ఒక్కటే. ఆడ తినేటోళ్లు ఎవరో చూడాలి. రైల్వే స్టేషన్ నుంచి చౌరస్తాకు, అక్కడి నుంచి మండిబజార్, పోచమ్మమైదాన్ దాకా నడవండి. ఎంజీఎం దవాఖానలో రోగిని చేర్పించి వచ్చిన పల్లె మనిషి, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చిన రైతు, బస్తాలు మోసిన హమాలీ, కొత్తవాడలో దర్రీలు నేసే నేతన్న, దుకాణం కట్టేసిన గుమాస్తా కనిపిస్తారు. వీళ్లు పది రూపాయలు ఆలోచించి తీసే మనుషులు. వీళ్ల ముందు రుచి లేని తిండి రెండు రోజులు కూడా అమ్ముడు పోదు. పొద్దుగాల ఇడ్లీ, వడ, మధ్యలో చాయ్, సాయంత్రం మిరపకాయ బజ్జీ, పొద్దూకినంక పొయ్యి ముందు కూర్చుని ఆడబిడ్డలు చరిచే జొన్నరొట్టె. రంజాన్ నెలలో మండిబజార్‌కు రాత్రే ఉండదు. హలీం గిన్నె ముందు టోపీ పెట్టుకున్నాయన, బొట్టు పెట్టుకున్నాయన ఒకే వరుసలో నిలబడతారు. తెలంగాణ తెహజీబ్ గురించి సభల్లో గంటలు గంటలు మాట్లాడతాం, దాన్ని కళ్లారా చూడాలంటే ఈ గల్లీకి రావాలి.

కొత్తవాడ దర్రీలకు 2018లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దర్రీకి దక్కింది, మిర్చికి దక్కింది. దర్రీ నేసినోడు, మిర్చి మోసినోడు నిలబడి తినే బండికి ఏ గుర్తింపూ లేదు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడి, దాని భూములు ప్లాట్లయ్యాయి. చూస్తూ ఉంటే ఈ బజారుదీ అదే దారి అవుతుంది.

నయీంనగర్, కిషన్‌పురలో విద్యార్థుల మెస్సులున్నాయి, కాజీపేటలో రైల్వే కాలనీ టిఫిన్లున్నాయి. వాటినీ తక్కువ చేయం. ఇంకో వింత, 2021 నుంచి ఈ ఒక్క నగరం హన్మకొండ, వరంగల్ అని రెండు జిల్లాలు. పొద్దున ఒక జిల్లాలో టిఫిన్ చేసి ఇంకో జిల్లాలో చాయ్ తాగుతున్నాం!

2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. జీతాల్లేని ఉద్యోగులు, హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు టెంట్ల కింద కూర్చున్నారు. ఆ టెంట్ల కింద మేమూ ఉన్నాం. రోడ్ల మీద వంటావార్పు చేసినప్పుడు గంజు ఇచ్చింది, గరిటె ఇచ్చింది, ‘తర్వాత ఇద్దురు తీయుండ్రి’ అని చాయ్ పోసింది ఈ బండ్లవాళ్లే. రాష్ట్రం వచ్చినంక రోడ్డుకు అడ్డమని వాళ్లనే జరుగమంటే ఏం న్యాయం?

చట్టం వాళ్ల దిక్కే ఉన్నది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలి. సర్వే ముగిసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఎవరినీ లేపగూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, అందులో మూడో వంతు మహిళలు. యాభై ఏండ్లకు పైబడి వీధి వ్యాపారం నడుస్తున్న బజారును వారసత్వ మార్కెట్‌గా ప్రకటించి అక్కడివాళ్లను కదల్చవద్దని కూడా చట్టంలో ఉన్నది. కోటను, తోరణాలను వారసత్వం అంటున్నాం కదా, మండిబజార్‌ను ఎందుకు అనం?

శుభ్రత మాటేమిటని ఉద్యోగ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నల్లా లేని చోట ప్లేటు ఎట్లా కడుగుతారు? మోరీ మీద మూత లేని చోట ఈగలు రాకుంటే ఎట్లా? నల్లా, మోరీ మూత, చెత్తడబ్బా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, రాత్రి పూట దీపం. ఇవి బండివాళ్లు పెట్టుకునేవి కావు, కార్పొరేషన్ పెట్టాల్సినవి.

గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ చౌరస్తా నుంచి పోచమ్మమైదాన్ దాకా ఎంతమందిని సర్వే చేసిందో, ఎందరికి సర్టిఫికెట్లు ఇచ్చిందో వార్డులవారీగా లెక్క బయట పెట్టాలి. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు ఆ లెక్క అడగాలి. ఆ జాబితాలో జొన్నరొట్టెలు చరిచే ఆడబిడ్డల పేర్లు ముందు వరుసలో ఉన్నాయో లేదో చూడాలి.